జైపాల్ దుకాణం ముందు గుంపు

గోదావరిఖని చౌరస్తాలో రోడ్డుకు అటు జైపాల్ నెట్‌ఫోను దుకాణం, ఇటు కిషన్‌ది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడే తల్లులూ పెళ్లాలే ఇద్దరికీ బేరం. జైపాల్ ఎవరో కాదు, కిషన్‌కు సొంత అక్క మొగుడు. అయితేనేం, బావ గడప ముందు నాలుగు జతల చెప్పులు ఎక్కువ కనిపిస్తే చాలు, కిషన్‌కు ఆ పూట అన్నం సయించదు.

బుధవారం జైపాల్ "కొత్త వెర్షన్ సర్వర్, గొంతు స్పష్టం" అని బోర్డు పెట్టాడు. అంతే! బావకుంటే నాకుండొద్దా అని మర్నాడే కిషన్ కూడా ఫోన్లు కలిపే తన సర్వర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. తెల్లారి చూస్తే తెర మీద ఒకటే మాట: డేటాబేస్ వెర్షన్ పాతది, సర్వర్ నడవదు. కొత్తది పీకేసి పాతది వేస్తే, ఈసారి డేటాబేస్ వెర్షన్ కొత్తదట! సగం మారి, సగం మారక కూర్చుంది మాయదారి డేటాబేస్. మార్చేముందు దానికి నకలు తీసి పెట్టుకోవాలన్న బుద్ధి, ఆ కుళ్లులో ఎక్కణ్ణుంచి పుడుతుంది?

ఆ రోజు శుక్రవారం, గల్ఫ్‌లో సెలవు. లస్మవ్వ అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది.

"జల్ది కలుపు కిషనూ. నా కొడుకు ఆగయ్యను ఇయ్యాల పొద్దుగూకంగ ఎడారిల సైటుకు తోలుకపోతరట. ఆడ ఫోను దొరకదట. కోడలికి ఆడివిల్ల పుట్టిందని చెప్పాలె బిడ్డా."

"అయితది అవ్వా, గిప్పుడే అయితది" అన్నాడే గాని, బావ దగ్గరికి పొమ్మనడానికి కిషన్‌కు నోరు రాలేదు. అటు చూస్తే జైపాల్ దుకాణం ముందు గుంపు రోడ్డు దాకా ఉంది.

మధ్యాహ్నం దాటి, బొగ్గు గనుల్లో మొదటి షిఫ్టు దిగే వేళయింది. లస్మవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇక తప్పక, ఆమెను వెంటబెట్టుకుని రోడ్డు దాటాడు. లోపల ఏముంది! జైపాల్ తల పట్టుకుని కూర్చున్నాడు. బోర్డు ముందు పెట్టి, సాఫ్ట్‌వేర్ నిన్ననే ఎక్కించాడట. అదే తెర, అదే తప్పు. గుంపంతా పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నదే!

అబ్బ, కిషన్ ప్రాణం ఎంత హాయిగా ఉందని!

"ఎట్లయింది బావా?"

"పాత డేటాబేస్ నకలు తీసిపెట్టిన గని, పాత సాఫ్ట్‌వేర్ సీడీ ఖరాబయింది. గదొక్కటి ఉంటె నడుస్తది."

ఆ సీడీ కిషన్ సొరుగులో ఉంది. ఇస్తే బావ దుకాణం నడుస్తుంది, డేటాబేస్ నకలు లేని తనది నడవదు. ఇవ్వకపోతే ఇద్దరూ సమానం. అంతకన్నా ఏం కావాలి? కానీ పక్కనే లస్మవ్వ, "ఇగ నా కొడుకుతోని మాట్లాడనా?" అంది. కిషన్ పళ్లు కొరుక్కుంటూ వెళ్లి, సీడీ తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

కాసేపటికి సర్వర్ లేచింది. మొదటి ఫోను లస్మవ్వదే. "ఆడివిల్ల రా ఆగయ్యా! అచ్చం నీ పోలికే!" అని అరిచి, ఏడ్చి, నవ్వి, వచ్చి జైపాల్ తల నిమిరింది.

"నీ కడుపు సల్లగుండ జైపాలూ. నువ్వు లేకపోతె ఏమయ్యేది? కిషన్ దగ్గర పొద్దంత ఉత్తగనే కూసున్న."

జైపాల్ నవ్వాడే గాని కాదనలేదు. కిషన్ చెయ్యి చాపాడు.

"నా సీడీ నాకియ్యి బావా."