మగ్గం మీద కోలా

గద్వాల చీర ఒక్క మనిషి నేసేది కాదు. నడుమంతా నూలు, అంచు పట్టు. ఒకరు అడ్డపోగు మోసే నాడె విసిరితే, పక్కన కూర్చున్నవారు పోగుపోగుకూ ఆ నూలునూ పట్టునూ మెలివేసి కలపాలి. ఆ పక్కన కూర్చునేది తన మొగుడే కావడం పావని ఖర్మ. ఆమె నాడె విసిరి, పొద్దుటి కూరలో ఉప్పు వేశానా లేదా అని తలుచుకుని, ఆవులించినా రాఘవేందర్ మెలివేత పూర్తయ్యేది కాదు.

ఆ రోజు ఫోనులో ఒక వీడియో చూడగానే మొగుణ్ణి తిట్టడానికి పావనికి మాటలు దొరికాయి.

"ఇగో, ఈ ఎర్రగొంతు హమ్మింగ్‌బర్డ్ నేను. రెక్కలు కొట్టేది కంటికే ఆనదు. గిది కోలా. చెట్టెక్కి నీలగిరాకు తింటది, పంటది. పిల్లను సంచిల ఏసుకొని మల్ల పంటది. అచ్చం నువ్వే. పొట్ట ఉన్నది, సంచి ఒక్కటే తక్కువ."

రాఘవేందర్ ఆ వీడియోను చివరిదాకా, తాపీగా చూశాడు. "గా పిట్టలు రెండు ఒక్క పువ్వు కాడ ఇమడవంట. పొడుచుకుంటయంట" అన్నాడు.

"నువ్వు మగ్గం దిగు" అంది పావని. జమ్ములమ్మ జాతరలోపు చీర దించుతానని వాడంతా చాటుకుంది. మాట పోతే తలెత్తుకోలేదు. మొగుణ్ణి నాడెలోకి నూలు కండెలు చుట్టే పనికి తోలి, తనంత చురుకైన తోటికోడలు మమతను పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇక చూడాలి సంబరం. నాడె ఆగితే ఒట్టు. ఒకరు పోగు గుంజితే మరొకరు అంతకు రెండింతలు గుంజారు. జానెడు నేసి చూసుకుంటే అంచు ఎండు మిరపకాయలా ముడుచుకుపోయి ఉంది.

"నువ్వే గుంజినవ్!"

"ఉరికిచ్చింది నువ్వక్కా, నన్నంటవేంది?" మమత విసురుగా లేచి వెళ్లిపోయింది.

అత్త సత్యమ్మ వచ్చి అంచు తడిమి చూసింది. "నేసినంత పీకు. మల్ల నెయ్యి" అని తన పని చూసుకుంది.

పావనికి ఏడుపొచ్చింది. ఉత్తుత్తి ఏడుపు కాదు, నిజం ఏడుపే. గడప దగ్గర రాఘవేందర్ కండె చుడుతున్నాడు. పిలవాలంటే నోరు రాదు, పిలవకపోతే చీర లేదు.

"ఏమయ్యా, వచ్చి కూసో. నువ్వు పక్కన లేకుంటే నాకు నేతనే రాదు."

పెళ్లయిన నాటినుంచి ఆ మాటకే కాచుకున్నట్టు అతని ముఖం వెలిగింది. కండె పక్కన పెట్టాడు. లుంగీ దులుపుకున్నాడు. ఇంకొక్కసారి అంటుందేమోనని, ఎప్పటికన్నా మెల్లగా లేచాడు.