ఆచారి దవడలో నాలుగో మర

నేను ఒక మరను, తిప్పి బిగించే మేకును. మందం అగ్గిపుల్లంత, పైన ఆవగింజంత గుండు, ఒళ్లంతా టైటానియం. కర్మాగారంలో నన్ను చెక్కి, కడిగి, గొట్టంలో పెట్టి సీలు వేశారు. ప్రొద్దుటూరులో పళ్ల డాక్టర్ షబానా సొరుగులో పద్నాలుగు నెలలున్నాను. సొరుగు తెరిచినప్పుడల్లా నా వంతే అనుకునేదాన్ని. పక్కవాటిని తీసుకెళ్లేవారు.

విరూపాక్షాచారి కంసాలి. అరవై ఎనిమిదేళ్లు, కింది పళ్లు ఒక్కటీ లేవు. ఊదుగొట్టం పట్టి టంకం మంట ఊదితే కట్టుడు పళ్లు లేచి వచ్చేవి. తీసేస్తే పెదవులకు గొట్టం అందేది కాదు. కొట్టుకొచ్చిన పాత కమ్మల జతకు బంగారు గుండ్లు అతకాలి. అది చేతకాకపోతే ఆయన కూర్చునే పనిపీట ఇంకొకరికి ఇస్తానని కొట్టు యజమాని చెప్పేశాడు.

"ఎముక సన్నగా ఉంది ఆచారి గారూ. లావు మరలంటే ఎముక పొడి వేసి నెలలు ఆగాలి. ఈ సన్నవి నాలుగు దించితే కట్టుడు పళ్లు వీటికి బిగుస్తాయి. పక్కకు ఒత్తిడి పడితే మాత్రం వదులవుతాయి," అంది షబానా.

ఆచారి నన్ను భూతద్దంలో చూశాడు. "మర బాగా తిప్పినాడమ్మా. ఎవురో పనోడే."

తన ఎముకలో దిగబోయేదాన్ని చూసి ఆయన అడగాల్సింది, వదులు కాకుండా ఎలా కాపాడుకోవాలని. అడగలేదు.

నలుగురం దిగాం. కట్టుడు పళ్ల అడుగున మా నాలుగు గుండ్లకు నాలుగు రబ్బరు వలయాలు. రాత్రి పళ్లు తీయడానికి ఆయన తంటాలు పడ్డాడు.

"బిగువెక్కువైంది," అని ఆకురాయి తీశాడు.

"ఏమయ్యా, డాక్టరమ్మ ముట్టద్దనింది గదా," అంది భార్య కాళమ్మ.

"నలభై ఐదేళ్లుగా కీళ్లు సరిచేస్తాండా. నాకు తెలీదా?"

రబ్బరు వలయాలు అరగదీశాడు. నా వైపుది ఎక్కువ అరగదీశాడు. ఆ తర్వాత అన్నం ముద్ద ముద్దకూ పళ్లు ఊగేవి, నేనూ ఊగేదాన్ని. ఎముక నన్ను పట్టుకోవాలని చూసేది, పట్టు దొరికేలోగా ఇంకో ముద్ద. నాలుగో రోజు మంట ఊదాడు. పళ్లు కదిలాయి, మంట వంకరపోయింది, కమ్మకున్న గుండు ఒకటి కరిగిపోయింది.

"వలయాలు ఎవరు అరగదీశారు?" అంది షబానా, ఆసుపత్రిలో పళ్లు తిప్పి చూసి.



"ఇంకెవురమ్మా. నలభై ఐదేళ్ల పనోడు," అంది కాళమ్మ.

వలయాలు మార్చారు. ముగ్గురు గట్టిగా ఉన్నారు. నేను వదులైపోయాను, నన్ను విప్పేశారు. మూడు వారాలు ఊదొద్దని షబానా చెప్పింది. ఆయన డాక్టరమ్మను అడిగి నన్ను జేబులో వేసుకున్నాడు. యజమాని దగ్గరికి వెళ్లి గుండు పాడుచేసింది తానేనని ఒప్పుకుని, గడువు అడిగాడు.

మూడు వారాలూ కుంపటి ముందు కూర్చున్నాడు, ఊదలేదు. గొట్టం తుడిచేవాడు, పెట్టేవాడు, మళ్లీ తుడిచేవాడు.

ఇరవై రెండో రోజు, మంట నిలుస్తుందో లేదో చూడ్డానికి, కమ్మకంటే ముందు నన్ను బొగ్గు మీద పెట్టి ఊదాడు. నేను పసుపుకు తిరిగాను, తర్వాత నీలానికి. కరగలేదు. ఆయన ఊపిరి తెగలేదు, మంట సూదిలా నిలబడింది, పళ్లు కదల్లేదు.

నన్ను పటకారుతో పక్కకు తీసి, బొగ్గు మీద కమ్మ పెట్టాడు.