నాలుగు మోటార్లూ, ఒక గని లైటూ

“ఆ లైటు పీకెయ్యే సౌభాగ్యా. ఎవురన్నా చూసి, గని సొత్తు దొంగిలించినారని పోలీసుల్ని పిలిస్తే మన గతేమి?”

పొద్దున లేచినప్పటి నుంచి రత్న ఈ మాట అనడం నాలుగోసారి. కూతురు తల కూడా ఎత్తలేదు. కేజీఎఫ్ బంగారు గనుల ఊళ్ళోని సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు అయిదుగురు కలిసి చేసిన రోబో అది. చీకటి గొట్టంలోకి దూరి, అడ్డం ఎక్కడుందో చూసి వస్తుంది. దాని ముందు బిగించింది సౌభాగ్య తాత రామాంజినప్ప టోపీ లైటు. గని మూసిన రోజు నుంచి ఇంట్లో మేకుకు వేలాడిన లైటు.

రత్న అదే బడిలో మధ్యాహ్నం అన్నం వండుతుంది. గని పద్ధతి ఆమెకు అత్త చెప్పింది. దిగే ముందు ల్యాంపు రూములో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకోవాలి. మరి మామ లైటుతో ఇంటికెలా వచ్చాడు? పెళ్ళై వచ్చినప్పటి నుంచి అడగాలనుకుంటూనే ఉంది. ఏం వినాల్సి వస్తుందోనని ఊరుకుంది.

బెంగళూరు పోటీకి పోవాలంటే మంచి మోటార్లు నాలుగు కావాలి. పిల్లల్ని వెంటేసుకుని ఉమేశ్ సారు చందా అడుగుతూ రాబర్ట్‌సన్‌పేట బజారంతా తిరిగాడు. “రోబోనా? ముందు బడికి కక్కసు కట్టుకోండప్పా,” అన్నాడు బేకరీ ఆయన. ఫైనాన్స్ ఆఫీసులో కూర్చోమని కూడా అనలేదు. ఒప్పుకున్నది నగల షాపు పురుషోత్తమ్ ఒక్కడే. అందుకే రత్నకు మరీ భయం. అంత మంచితనం ఊరికే వస్తుందా?

పన్నెండున్నరకు, రత్న వంట దించి వచ్చేసరికి, అతను ఫోటోగ్రాఫర్‌తో బడిలో దిగాడు. తన షాపు పేరున్న టీషర్టులు బల్ల మీద పడేశాడు. మోటార్ల పెట్టె మాత్రం చంకలోంచి దించలేదు. వంగి, లైటు మీది నంబరు చదివాడు.

“ఇది కంపెనీ సొత్తు కదయ్యా మేష్టారూ! దొంగ సామాను పక్కన నా షాపు పేరా?”

“అట్లేం లేదు సార్, ఈ పాప తాతది...” ఉమేశ్ సారు నసిగాడు.

“తాతదెట్లయితాది? కంపెనీకేమన్నా అల్లుడా?”

ఫోటోగ్రాఫర్ పకపకా నవ్వాడు. పురుషోత్తమ్ గొంతు తగ్గించాడు. “పోనీలే, పిల్లోళ్ళు. లైటు నాకిచ్చేయండి. షాపులో అద్దాల పెట్టెలో పెడతాను, వచ్చినోళ్ళు చూస్తారు. మోటార్లు మీవి. లేదంటారా, స్టేషను ఈడే ఉండాది.”

“దొంగ సామానైతే మీ షాపులో ఎట్ల పెట్టుకుంటారు సార్?” అంది సౌభాగ్య.

“నోరు మూసుకోవే!” రత్న అరిచింది. వంట పని పోయినట్టూ, పిల్ల చేతిలో టీసీ పెట్టి గేటు బయటికి తోసినట్టూ, మామను పోలీసు జీపెక్కించినట్టూ ఒక్కసారిగా కళ్ళముందు కనబడింది. బల్లమీది స్క్రూడ్రైవర్ అందుకుంది. ఒక మర ఊడింది. రెండోది ఊడింది.

సౌభాగ్య రోబోను రెండు చేతులా వాటేసుకుంది. “నువ్వు దాన్ని తీసినావంటే ఇంగ నీతో మాట్లాడను మా.”

“మాట్లాడకు. జైలుకు పోకుంటే చాలు.”

“మీరు మీరు ఎందుకు కొట్లాడుకుంటారు?” పురుషోత్తమ్ మూల బెంచీ వైపు తిరిగాడు. అక్కడ రామాంజినప్ప మనవరాలి రోబో చూద్దామని వచ్చి కూర్చున్నాడు. గని దుమ్ము తిన్న ఛాతీ. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. “ఏం పెద్దాయనా, నువ్వే చెప్పు. దొంగిలించినావా, లేదా?”

ముసలాయన కదిలి బెంచీ అంచు తడుముకున్నాడు. ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. అవుననేస్తాడేమోనని రత్న చెయ్యి మూడో మర మీదే ఆగిపోయింది. ఉమేశ్ సారు నేల చూస్తున్నాడు. అన్నం బెల్లు కొట్టారు. వరండాలో పళ్ళేల చప్పుడు మొదలైంది. పురుషోత్తమ్ గడియారం చూసుకుని జేబులోంచి ఫోన్ తీశాడు.

రామాంజినప్ప బెంచీ అంచు పట్టుకుని లేచాడు.

“గని మూసిన పొద్దు మేము పైకొచ్చేతలికి ల్యాంపు రూముకి తాళమేసుకొని పోయినారు. లైటు నా చేతిలో, నా బిళ్ళ వాళ్ళ గోడకి. వాళ్ళ పుస్తకంలో నేనింగా గని కిందనే ఉండాను.” ఊపిరి కూడదీసుకున్నాడు. “పోయి ఆ బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టు. అప్పుడు తీసుకుపో లైటు. రత్నా, ఆ మరలు బిగించమ్మా.”