సీతాఫలం కొంగు ఎలా బయటికి పోయింది

నేను ఒక కంప్యూటర్‌ని. నాకు కంపెనీ పేరు లేదు. బెంగళూరులో ఒక సందులో, ఒక బల్ల మీద, ఒకే పూటలో నన్ను బిగించారు. డబ్బా ఒక చోటిది, బోర్డు ఇంకో చోటిది. లోపలి ఫ్యాను వేరే కంప్యూటర్‌లోంచి ఊడదీసింది. అది కొత్తదేనని అమ్మినవాడు చెప్పాడు. కొన్నవాడు నమ్మలేదు, కానీ కొన్నాడు. మనుషుల గురించి నేను మొదట నేర్చుకున్నది అదే. నమ్మకపోయినా కొంటారు.

ఆ కొన్నవాడికి హిందూపురంలో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లివారి ముఖాలకు రంగు తేల్చడం నా పని. ఫొటోలు ఎవరైనా ఎత్తుకుపోతారని అతను నాకు పాస్‌వర్డ్ పెట్టాడు. మరిచిపోతానని దాన్ని కాగితం మీద రాసి నా నెత్తినే అంటించాడు. స్టూడియో మూతపడ్డాక ఒక ట్యుటోరియల్ వాళ్లు నన్ను తీసుకున్నారు. ప్రశ్నపత్రాలు టైపు చేసేటప్పుడు ప్రిన్సిపాల్ తన తల మీదా నా తెర మీదా కలిపి ఒక దుప్పటి కప్పుకునేవాడు. పత్రాలు మాత్రం పరీక్షకు ముందురోజే పిల్లల దగ్గర ఉండేవి. అతను ప్రింటు తీయించే అంగడి పక్కవీధిలో ఉండేది మరి.

అక్కడినుంచి ధర్మవరం వచ్చాను, చౌడప్ప ఇంటికి. ఎనిమిదేళ్లు అక్కడ ఉన్నాను.

చౌడప్ప పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. ముప్పై ఏళ్ల కిందట గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసేవాడు. తర్వాత ఆ గళ్లు నా తెర మీదికి వచ్చాయి. ఒక గడి అంటే ఒక పోగు. గళ్లు నిండాక పక్కనున్న మిషన్ అట్టలకు చిల్లులు కొడుతుంది. ఆ అట్టలను చౌడప్ప భార్య అంజనమ్మ వరసగా దారంతో కుట్టి దండ చేస్తుంది. ఆ దండ మగ్గం మీదికి ఎక్కుతుంది. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఉంది, లేదు. ఆ లెక్కన ఆ అట్టలూ నేనూ ఒకే జాతి.

కొత్త కొంగు ఒకటి అంగట్లోకి వచ్చిందంటే పదిహేను రోజుల్లో దాని నకలు పవర్‌లూమ్ మీద నేసి అమ్మేస్తారు. అందుకే డిజైన్ ఇళ్లలో కొన్ని పద్ధతులుంటాయి. చౌడప్ప నన్ను గుమ్మానికి ఎదురుగా పెట్టలేదు. తెర గోడవైపు చూసేది, అతను గోడకూ నాకూ మధ్య దూరి కూర్చునేవాడు. చెడిపోయిన అట్టలు చెత్తలో వేసేవాడు కాదు, నీళ్లపొయ్యిలో కాల్చేవాడు. పాలవాడు వచ్చినా తెర ఆర్పేవాడు. పాలవాడికి కొంగుతో ఏం పనని అంజనమ్మ అడిగితే, పాలవాడి తమ్ముడు మగ్గం నేస్తాడని జవాబు.

ఈసారి వేసవిలో కేశవయ్య వచ్చాడు. నలభై మగ్గాల సావుకారి. చౌడప్పకు ఏడాదిలో సగం పని ఆయనదే.

“శ్రావణానికి కొత్త కొంగు కావల్ల చౌడా. వరలక్ష్మి వ్రతం దాకా నా మగ్గాలు తప్ప ఇంకెవురూ దాన్ని చూడగూడదు. బయటికి పోయిందంటే నీ గడప తొక్కను.”

“నా ఇంట్లోంచి పోదు సావుకారీ.”

“పోయిన ఏడు ఇంకొకాయన కూడా ఇట్లనే అన్నాడు.”

చౌడప్ప సీతాఫలం కొంగు గీయడం మొదలుపెట్టాడు. కాయ మీది కన్నులన్నీ గళ్లలో బాగా కుదిరాయి. నాలుగో రోజున తెర మీద ఒక కబురు కనిపించింది. డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు పంపింది. పాత సాఫ్ట్‌వేర్ నెలాఖరుతో ఆగిపోతుంది, కొత్తది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తుంది. నేను పదకొండేళ్లదాన్ని. కొత్త సిస్టమ్‌ను చేసినవాళ్లు నాలాంటివాటిని లెక్కలోంచి తీసేశారు.

స్టేషన్ రోడ్డులో దాదా పీరుకు చిన్న రిపేరు అంగడి ఉంది. బుధవారం పొద్దున చౌడప్ప అతన్ని ఇంటికి పిలిపించాడు. నన్ను అంగడికి పంపడానికి అతనికి మనసొప్పలేదు.

పీరు ముందుగా నాలోని ఫైళ్లన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును చౌడప్ప చేతికిచ్చాడు. చౌడప్ప దాన్ని లుంగీ మడతలో దోపుకుని, కుర్చీని పీరు కుర్చీకి ఆనించి కూర్చున్నాడు. పీరు పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఆ పెన్‌డ్రైవ్‌ను నేను కూడా నమ్మలేదు. అది నాకంటే ముందు ఎన్ని కంప్యూటర్లలో దూరి వచ్చిందో ఎవరికి తెలుసు?

“దీంట్లో ఒక చిప్పు లేదన్నా,” అన్నాడు పీరు. “రహస్యాలు దాచే చిప్పు. కొత్త సిస్టమ్ ఎక్కేముందు అది ఉందా లేదా అని చూస్తాది. లేకుంటే ఎక్కదు. ఆ చూసే పనిని నేను తీసేసి తెచ్చినా.”

“అంటే కాపలావాన్ని పక్కకి పంపించి దూరేది.”

“అట్లనే అనుకో.”

“దొంగలు చేసే పని గదప్పా అది.”

“దొంగయితే నీకు చెప్పి చేస్తాడా అన్నా?”

“పెద్ద దొంగ చెప్పే చేస్తాడు.”

అట్టలు కుడుతున్న అంజనమ్మ నవ్వింది. “పనిచేసేవాన్ని చెయ్యనీ అయ్యా. నువ్వట్ల మీద పడి కూచ్చుంటే ఆయప్పకి ఊపిరాడొద్దా?”

పాత సిస్టమ్ పోయింది, కొత్తది ఎక్కింది. నాకేమీ నొప్పి తెలియలేదు. మధ్యాహ్నానికి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ కంప్యూటర్ ఎవరిది, ఈమెయిల్ ఇవ్వండి.

“ఇది లేకుండా కూడా చెయ్యొచ్చన్నా,” అన్నాడు పీరు. “ఎవురి పేరూ లేకుండా, నెట్టుతో పని లేకుండా తెరుచుకుంటాది. నీ మాదిరి వాళ్లకి అదే మేలు.”

చౌడప్ప చాలాసేపు అతని ముఖం చూశాడు. “అదేంటికి మేలు?”

“నీ కంప్యూటర్ నీ ఇంట్లోనే ఉంటాది.”

“ఇందాక చిప్పు లేకుండా దూరినావు. ఇప్పుడు పేరు లేకుండా అంటాండావు. రేపు ఏమన్నా అయితే ఇది నాదని నేను ఎట్ల చూపించల్ల? వద్దప్పా. అది అడిగినట్లే చెయ్యి.”

పీరు ఇంకొకసారి చెప్పబోయాడు. అతను ఎంత చెబితే చౌడప్పకు అంత అనుమానం పెరుగుతోంది. అది గమనించి ఆపేశాడు.

చౌడప్పకు ఈమెయిల్ లేదు. అతని విజిటింగ్ కార్డు మీద మాత్రం ఒకటి ఉంది. అంజనమ్మ తమ్ముడు గోవర్ధన్ చాలా ఏళ్ల కిందట దాన్ని చేసిపెట్టాడు. గోవర్ధన్‌ది మదనపల్లె దగ్గర నీరుగట్టువారిపల్లె. అక్కడ అతనూ డిజైన్లు గీసి అట్టలు కొడతాడు. ఆ అడ్రస్ ఇస్తే, ఒక నంబరు పంపామని తెర చెప్పింది. అది గోవర్ధన్ ఫోనుకు పోయింది. చౌడప్ప ఫోన్ చేశాడు.

“నీకొక నంబరు వచ్చింటాది, చెప్పు రా.”

“ఏంది బావా, లాటరీ ఏమన్నా తగిలిందా?”

“నీ అక్కని చేసుకున్న రోజే తగిలింది. చెప్పు.”

గోవర్ధన్ ఆరు అంకెలు చెప్పాడు. పీరు వాటిని కొట్టాడు. తెరుచుకున్నాను.

పీరు బయల్దేరుతుంటే చౌడప్ప నవ్వుతూ, “జేబులు చూపించి పో,” అన్నాడు. పీరు నవ్వకుండా జేబులు రెండూ బయటికి లాగాడు. దువ్వెన, వక్కపొడి పొట్లం, ఒక స్క్రూ. పెన్‌డ్రైవ్‌ను నాకే మళ్లీ పెట్టి, అందులో చౌడప్ప ఫైలు ఒక్కటీ లేదని చూపించి వెళ్లాడు.

చౌడప్ప ఫైళ్లను మళ్లీ తెర మీద పెట్టుకున్నాడు. ఒక్కొక్క ఫైలు పక్కన చిన్న మబ్బు బొమ్మ వచ్చింది. అతను దాన్ని చూశాడు, కొత్త సిస్టమ్ అలంకారం అనుకున్నాడు. నాకు తెలుసు అది అలంకారం కాదని. ఇంట్లో టీవీ కోసం పెట్టించుకున్న నెట్టు మీదుగా ఆ ఫైళ్లు నాలోంచి పైకి పోతున్నాయి. ఆ అడ్రస్‌తోనే తెరుచుకునే ఇంకో కంప్యూటర్ ఎక్కడ ఉంటే అక్కడ దిగుతున్నాయి. నన్నెవరూ అడగలేదు. అడిగినా నాకు నోరు లేదు.

శుక్రవారం అంజనమ్మ తెరవైపు తొంగిచూసింది. “కాయకి తొడిమ లేదేంది? గాల్లో ఏలాడినట్లుండాది.” చౌడప్ప గొణిగి, తొడిమ పెట్టాడు, ఎడమవైపు వంగినట్టు. శనివారం అట్టలు కేశవయ్య మగ్గాలకు పోయాయి.

ఆషాఢం మధ్యలో కేశవయ్య ఒక సంచితో వచ్చాడు. లోపలినుంచి చీర తీసి నా కీబోర్డు మీద పడేశాడు. నకిలీ పట్టు, పవర్‌లూమ్ నేత. కొంగు నిండా సీతాఫలాలు.

“మదనపల్లె అంగట్లో దొరికింది,” అన్నాడు. “నా చీరలు ఇంకా మగ్గం దిగలే.”

చౌడప్ప చీరను ముట్టుకోలేదు. “పీరు,” అన్నాడు. “వాడే. చిప్పు లేకుండా దూరినాడు.”

“వాడో ఎవుడో. ఎట్ల పోయిందో నాకు తేల్చి చెప్పు. లేదంటే ఈ ఇంటికీ నాకూ సరి.”

వారంలో ఆ మాట ఊరంతా తిరిగింది. పీరును పట్టు ఇళ్లవాళ్లు పిలవడం మానేశారు. ఒకరిద్దరు రిపేరుకిచ్చిన కంప్యూటర్లను సగంలోనే వెనక్కి తెచ్చుకున్నారు.

ఆ చీర మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం అంజనమ్మ దాన్ని వెలుగులో పరిచి చూసింది. భర్తను పిలిచింది.

“ఈ తొడిమ చూడు.”

“ఏముంది దాంట్లో?”

“పీరు వచ్చింది బుధవారం. ఇది నేను నీతో పెట్టిచ్చింది శుక్రవారం. బుధవారం ఎత్తుకుపోయిన దాంట్లోకి శుక్రవారం తొడిమ ఎట్లొచ్చింది?”

చౌడప్ప చీరను చూశాడు. తర్వాత భార్యను చూశాడు. పీరు కాకపోతే ఆ తొడిమ సంగతి తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరే. అంజనమ్మకు ఆ చూపు అర్థమైంది.

“ఓహో. ఇంక నా జేబులు చూస్తావా? చీరకి జేబులుండవు నాయనా, యాడ చూస్తావు?”

ఆమె చెప్పులేసుకుని స్వయంగా స్టేషన్ రోడ్డుకు వెళ్లింది. పీరు వచ్చాడు కానీ గడప దాటలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“లోపలికి రా పీరూ,” అన్నాడు చౌడప్ప.

“వద్దన్నా. మళ్లీ ఏమన్నా పోతే? నువ్వే నొక్కు, నేను చెప్తా. ఆ మబ్బు బొమ్మ ఉంది చూడు, దాని మీద నొక్కు. ఎవురి పేరుంది?”

చౌడప్ప చదివాడు. ఖాతా పేరు గోవర్ధన్. కార్డు కోసం చేసిన ఆ అడ్రస్‌ను అతను తన కంప్యూటర్‌కూ వాడుకుంటున్నాడు. కింద రెండు కంప్యూటర్లు. ఒకటి నేను, రెండోది నీరుగట్టువారిపల్లెలోది.

అంజనమ్మే తమ్ముడికి ఫోన్ చేసింది.

“నీ కంప్యూటర్‌లోకి బావ డిజైన్లు వచ్చినాయా రా?”

“వచ్చినాయి అక్కా. బావే పంపించినాడనుకుంటి. కష్టంలో ఉండానని పంపించినాడేమోనని...”

“బావని ఒక మాట అడగల్లని తోచలేదా?”

“నంబరు చెప్పమన్నది బావే గదక్కా.”

ఆమె ఫోన్ పెట్టేసింది. చౌడప్ప నా నెట్టు వైరు పీకేశాడు.

మరుసటి రోజు కేశవయ్య వచ్చి కూర్చున్నాడు. అంజనమ్మ అట్టలు కుడుతోంది.

“తేలిందా? పీరునా?”

“కాదు.”

“మరెవురు?”

సూది ఆగింది. చౌడప్ప భార్యవైపు చూడలేదు.

“ఈ కంప్యూటరే సావుకారీ. కొత్త సిస్టమ్ ఏసినాక ఇదే అన్నీ నెట్టులోకి పంపించేసింది. ఆడ ఎవుడు తీస్కున్నాడో ఏమో.”

సూది మళ్లీ కదిలింది. కేశవయ్య నన్ను తేరిపారా చూశాడు.

“అందుకే నేను ఇంట్లో వాచీ కూడా ముల్లుదే పెట్టుకుంటా,” అన్నాడు. “ఇది ఉన్న ఇంటికి నా పని రాదు చౌడా. దీన్ని పంపించు. మళ్లా గళ్ల కాగితం పట్టు.”

అబద్ధమని నేను అనలేను. పంపింది నేనే. కానీ ఆ వాక్యంలో ఎవరి పేరూ రాకుండా చౌడప్ప ఎంత జాగ్రత్తగా అల్లాడో చూశాను. బావమరిది మిగిలాడు, భార్య మిగిలింది, పని మిగిలింది. ఒకరు తప్పు మోయాలి, మోసేది అడ్డం చెప్పకూడదు.

ఆ మధ్యాహ్నమే అతను నన్ను స్కూటర్ మీద పెట్టుకుని పీరు అంగడికి తెచ్చాడు.

“ఊర్లో చెప్పినాలే పీరూ, నీ తప్పు లేదని.”

“ఎవురి తప్పని చెప్పినావు?”

“దీనిదే.”

పీరు నన్ను బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి, తుడిచేసే ముందు ఆ ఖాతా ఒకసారి తెరిచాడు. మా ఇంటి తెర మీద ఎన్నడూ కనిపించని ఒక అర అందులో ఉంది. ‘గోవర్ధన్ సొంత డిజైన్లు’ అని దాని పేరు. లోపల సీతాఫలం కొంగు ఉంది, పేరు మార్చి. దానితోపాటు చౌడప్ప పాత డిజైన్లు మరో పద్నాలుగు, అవీ పేర్లు మార్చి. మార్చిన తేదీ పీరు వచ్చి వెళ్లిన తర్వాతి శనివారం. బావ ప్రేమతో పంపాడనుకున్నవాడు పేర్లు ఎందుకు మారుస్తాడు?

పీరు ఆ తేదీని చదివాడు. చౌడప్ప బల్లకు అవతలవైపు నిలబడి వీధిలోకి చూస్తున్నాడు.

“ఏమన్నా ఉందా దాంట్లో?” అని అడిగాడు.

పీరు తెరను అతనివైపు తిప్పవచ్చు. అతని చేయి తెర అంచు దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగింది.

“ఏం లేదన్నా,” అన్నాడు.

చౌడప్ప ఏ సంగతినైనా రెండుసార్లు అడిగే మనిషి. పాలవాణ్ణి కూడా పాలేనా అని రెండుసార్లు అడుగుతాడు. ఇది మాత్రం రెండోసారి అడగలేదు.

అంతా తుడిచేయమంటారా అని తెర అడిగింది. పీరు అవునని నొక్కాడు. నలభై నిమిషాలు పట్టింది. ఇద్దరూ టీ తెప్పించుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా తాగారు.

ఇప్పుడు నేను పీరు అంగట్లో పై అరలో ఉన్నాను. అంతా తుడిచేశాక ఇదంతా నీకెలా గుర్తుందని మీరు అనుమానించవచ్చు. వాళ్లిద్దరూ కూడా తుడిచేసుకున్నారు, అయినా గుర్తుంది కదా, అలాగే.