నెమ్మదిగా ఆరే రకం

కడుపులో బిడ్డ పోయిన రోజుకి ఆ చిన్న గది గోడ సగంలో ఉంది. హాల్లో ఓ మూలను బిడ్డ కోసం గదిగా మార్చాలని ఆమె భర్త ఇనుప చట్రం నిలబెట్టి, జిప్సమ్ బోర్డులు బిగించి, అతుకులు పూడ్చే పని దగ్గర ఆగాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఇద్దరూ ఆ వైపు చూడకుండానే తిరిగారు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళగలిగిన రోజున, టీ కప్పు అందుకుంటూ అతను అన్నాడు: "ఊరికే కూర్చుంటే పిచ్చి ఆలోచనలొస్తాయి. ఆ అతుకులు నువ్వే పూసెయ్. గది తయారయ్యేసరికి నువ్వూ కుదుటపడతావు. మళ్ళీ చూద్దాం."

ఆ 'మళ్ళీ' అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. డాక్టరమ్మ ఇద్దరి ఎదుటా చెప్పింది, ఇంకోసారి ఇంత రక్తం పోతే ప్రాణానికి తను హామీ ఇవ్వలేనని. ఆసుపత్రి మెట్లు దిగుతూ అతను నవ్వేశాడు. "వాళ్ళలాగే భయపెడతారు. లేకపోతే మనం వాళ్ళ మాట వింటామా?" అత్తగారు ఫోన్లో, "నలుగుర్ని కన్నానమ్మా, పడుకోడానికి నాకెవరు తీరిక ఇచ్చారు? మనసు గట్టి చేసుకో" అంది. ఆమె పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టరు సెలవు చీటీ చూసి, "బిడ్డే లేనప్పుడు ఇన్నాళ్ళ సెలవెందుకు, మేడమ్?" అని అడిగాడు. చెప్పవలసిన మాటలన్నీ గొంతు దాకా వచ్చి, మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయేవి.

దుకాణంలో ఆమెకి అతుకులు పూడ్చే జాయింట్ కాంపౌండ్ రెండు రకాలు చూపించారు. "ఈ పొడి నీళ్ళలో కలిపారంటే గంటలోపే రాయి. పూతలన్నీ ఒక్కరోజులో లాగించెయ్యొచ్చు. ఈ డబ్బాలోది కలిపే ఉంటుంది, ఉప్పుకాగితంతో రుద్దడమూ తేలికే. కాకపోతే పూత పూతకీ రోజంతా ఆరాలి. ఈ ముసురులో ఇంకా ఎక్కువే. తొందరుంటే పొడి తీసుకోండమ్మా."

"తొందరేం లేదు." ఆ మాట ఆమె ఆలోచన కంటే ముందే బయటికొచ్చేసింది. బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఏదో దొంగిలించి తెస్తున్నట్టుంది.

పని శ్రద్ధగానే చేసింది. అతుకు మీద పలుచగా పూసి, పేపర్ టేపు అతికించి, కింద గాలి బుడగ మిగలకుండా వెడల్పాటి పుట్టీ బ్లేడుతో నొక్కి లాగింది. స్క్రూ తలలన్నీ కప్పింది. ఆరాక రుద్ది, దాని మీద ఇంకాస్త వెడల్పుగా రెండో పూత వేసింది. పొద్దున్నే గోడకి చేతి వెనకవైపు ఆనించేది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. చల్లగా తగిలిన ప్రతిసారీ ప్రాణం కాస్త కుదుటపడేది. అలా కుదుటపడడమే ఆమెను మరింత భయపెట్టింది. ఒక పూత ఆరకపోవడం మీద తన బతుకు ఆనుకుని ఉందా? ఆరాక ఏం చేస్తుంది? ఇంకో పూత. ఆ తరవాత?

"ఆరిందా?" సాయంత్రం వస్తూనే అతని మొదటి ప్రశ్న.

"ఇంకా లేదండీ."

"గోడ పూస్తున్నావా, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా?"

ఆదివారం అతనే పొడి బస్తా తెచ్చాడు. "చివరి పూత నేను కొట్టేస్తాను. ఇవాళ్టితో ఈ గోల వదిలిపోవాలి." బస్తా మొత్తం బకెట్లో గుమ్మరించాడు.

"కొంచెం కొంచెంగా కలపండి. అది గట్టిపడకుండా ఆగదు."

"నువ్వు నాకు పాఠం చెప్తావా? నేనేం నీ బడిపిల్లాణ్ణి కాదు."

కలపడం పూర్తవుతుండగా ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. బ్లేడు బకెట్లోనే వదిలి హాల్లోకి నడిచాడు. "ఆఁ అమ్మా, గది అయిపోయినట్టే. తనా? బాగానే ఉంది. వచ్చే నెల నుంచి మళ్ళీ... ఆఁ, అంతే, అంతే." ఆమె వంగి బకెట్ తాకింది. వెచ్చగా ఉంది. లోపల గట్టిపడుతోంది. పిలవాలనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుని నిలబడింది.

అతను వచ్చి బ్లేడు పట్టుకుని లాగాడు. బ్లేడుతో పాటు బకెట్టూ పైకి లేచింది. వేరే రోజయితే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

"దిష్టిబొమ్మలా చూస్తూ నిలబడ్డావా? ఒక్క మాట చెప్పలేవూ?"

"చెప్పాను." చేతులు వెనక్కి కట్టుకుంది. "ఇంకోటి కూడా చెప్పాలి. ఈ గది ఎప్పుడు పూర్తయినా సరే, నేను మళ్ళీ కడుపు మోయను. డాక్టరమ్మ మాట నేను విన్నాను. నాకు చచ్చిపోతానని భయంగా ఉంది."

అతను బకెట్ కింద పెట్టాడు. "గోడ గురించి మాట్లాడుతుంటే ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

"గోడ పని నా చేతికొచ్చిన దగ్గర్నుంచీ నాలో నేను మాట్లాడుకుంటున్నది ఇదే."

అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడుకి ఆమె ఉలిక్కిపడింది. భయం ఎక్కడికీ పోలేదు. గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుంది.

చేతికందేంత దూరంలోనే తన డబ్బా ఉంది. మూడో పూత ఆమె వేయలేదు.