రాతి కూసాలకు కట్టిన పడుగు

ధర్మవరం నుంచి పెనుకొండకు పోయే దారిలో ఒక నేతగాళ్ల ఊరుంది. పేరు చెబితే అక్కడి పెద్దలు నొచ్చుకుంటారు కనుక చెప్పడం లేదు. ఆ ఊళ్లో మగ్గాల వీధి వెనక ఒక బయలు ఉంది. తెల్లవారితే చాలు, నేతగాళ్లు మగ్గానికెక్కించే నిలువుపోగుల పట్టు పడుగులు తెచ్చి అక్కడ చాపేవారు. మూడు చీరల పడుగంటే ఇరవై గజాల పైమాటే. రెండు కొసలా గుంజలకు బిగించి, ఇటు నలుగురూ అటు నలుగురూ నిలబడి, తెగిన పోగులు అతికి, గంజినీళ్లు పట్టించి, ఎండ ముదరక ముందే కర్రకు చుట్టుకోవాలి. వంకర పోకూడదు, మధ్యలో ఎవరూ దాటకూడదు. ఇంట్లో చేద్దామంటే ఇల్లే పది గజాలుండదు.

అరవై రెండో సంవత్సరం మాఘమాసంలో ఒక ఉదయం కొండప్ప పడుగు మోసుకుని బయలుకు వెళ్లేసరికి వరసగా రాతి కూసాలు పాతి ఉన్నాయి. నడుమెత్తున, నున్నగా, తాడు కట్టడానికే చెక్కినట్టున్నాయి. ఎవరు పాతారు, ఎందుకు పాతారు అని అడగాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. ఇన్నేళ్లకు పంచాయతీ బోర్డుకు తమ మీద దయ కలిగిందనుకున్నారు. కొండప్ప అందరికన్నా ముందు వెళ్లి ఒక కూసాన్ని ఊపి చూశాడు. అది కదలకపోయేసరికి మురిసిపోయి పడుగు దానికే కట్టాడు. నెల రోజులు వీధి వీధంతా ఆ కూసాలకే పడుగులు కట్టింది. అంతటితో ఆగారా? శుక్రవారం నాడు వాటికి పసుపు పూసి కుంకుమ కూడా పెట్టారు. మంచితనానికైనా ఒక హద్దుండాలి కదా!

కొండప్ప భార్య నాగక్కకు మాత్రం అనుమానం తీరలేదు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం అడక్కుండానే రాళ్లు నాటినారంటే ఏదో ఉండాదయ్యా. ఆఫీసుకు పోయి కనుక్కోరాదా?"

మగ్గం దిగితే పూట గడవదనీ, వీధి పెద్ద రంగప్ప అన్నీ చూసుకుంటాడనీ కొండప్ప చెప్పాడు. రంగప్పను అడిగితే, అలాంటివి కాగితం చదవగలిగినవాళ్లు చూసుకోవాలన్నాడు. ఆ వీధిలో కాగితం చదవగలిగిన ఒకే ఒక్కడు పెళ్లికి హిందూపురం వెళ్లి ఉన్నాడు.

బోర్డువారి సంగతి ఇంకా చక్కగా ఉంది. ఆ బయలులో పార్కు కట్టాలని తీర్మానించారు. అభ్యంతరాలకు నెల గడువిస్తూ ఆఫీసు గోడకు కాగితం అంటించారు. బజారులో టముకు వేయించారు. మగ్గాల వీధికి ఆ టముకు వినిపించదు. వినిపించాలంటే రెండు వందల మగ్గాలు ఆగాలి. ఒక్క మనిషి ఆ వీధిదాకా నడిచి వచ్చి అడిగి ఉంటే సరిపోయేది. అది ఎవరికీ తోచలేదు.

ముప్పై ఒకటో రోజున ఆ కూసాలకు ముళ్లతీగ చుట్టారు. బయలు నడిమధ్య ఫౌంటెను కోసం గొయ్యి తవ్వారు. వేసవిలో తాగే నీళ్లకే కొట్టుకునే ఊళ్లో ఫౌంటెను!

పడుగులు వీధికెక్కాయి. నాలుగో రోజున కొండప్ప పడుగు వీధిలో చాపి ఉండగా శెనక్కాయల బండి వచ్చింది. ఎద్దులు బెదిరి పడుగును చీల్చుకుంటూ పోయాయి. ఫాల్గుణంలో పెళ్లివారికి ఇవ్వవలసిన మూడు చీరలవి. నాగక్క దుమ్ములో కూర్చుని పోగులు ఏరుతూ ఏడ్చింది. తరువాత కళ్లు తుడుచుకుని, ఆ చిక్కుపడిన పట్టునంతా తెగినచోట ముడులేసి మూటగట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని బోర్డు ఆఫీసుకు నడిచింది.

ప్రెసిడెంటు ఆదినారాయణ చెడ్డవాడు కాడు. అయినా ఆయనకు విసుగొచ్చింది. నెల గడువిస్తే ఒక్కరూ రాలేదు, తీగ చుట్టాక వస్తే ఎట్లా అన్నాడు. పక్కనున్న ఓవర్సీరు అందుకున్నాడు.

"పైగా నేను నాటించిన రాళ్లకు పసుపు కుంకుమలు పెట్టినారు. మీకు సమ్మతమేననుకున్నాను."

కొండప్ప తల వంచుకున్నాడు. ప్రెసిడెంటు కొంచెం మెత్తబడి, "సరేనప్పా, ఎంత చోటు కావాల మీకు? ఒక మూల చాలదా?" అని అడిగాడు.

నాగక్క మూట విప్పి ఒక కొస మొగుడి చేతికిచ్చి ప్రెసిడెంటు బల్ల దగ్గర నిలబెట్టింది. రెండో కొస పట్టుకుని గది దాటింది, వసారా దాటింది, మెట్లు దిగింది, రోడ్డు మీదికి వెళ్లింది. అప్పటికీ పడుగు సాగుతూనే ఉంది. అక్కడి నుంచే చెప్పింది.

"ఇంత కావాల సామీ. ఒక్కో పడుగుకు ఇంత. తప్పు మాదీ ఉండాది, మేం అడగల్యా. మీరూ అడగల్యా. రాళ్లు నాటేదానికి ముందు ఒక్క పొద్దున మా వీధికి వచ్చింటే మీ కండ్లకే కనపడును."

ఆదినారాయణ లేచి తలుపు దాకా వచ్చి ఆ చిరిగిన పట్టును కొస నుంచి కొస దాకా చూశాడు. మగ్గాల వీధికి పోయి కొలిచి రమ్మని ఓవర్సీరుకు చెప్పాడు.

మరునాడు తెల్లవారగానే ఓవర్సీరు పార్కు పటం చంకన పెట్టుకుని మగ్గాల వీధికి వచ్చాడు. టేపు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస నాగక్క పట్టుకుంది. ఫౌంటెను గొయ్యి పూడ్చి, ముళ్లతీగ విప్పి, పడుగులు పట్టేంత నిడివిగా ఖాళీ వదిలారు. పొద్దున పడుగులకు, సాయంత్రం పిల్లల ఆటలకు అదే చోటు అయింది. కానీ ఎద్దులు తొక్కిన ఆ మూడు చీరలను మాత్రం ఏ తీర్మానమూ తిరిగి తేలేకపోయింది.

పదిమంది చోటుకు పటం గీసేవాళ్లు ముందు ఆ పదిమంది గడప తొక్కి అడగాలి. వాళ్లు రాకపోతే, రాళ్లకు పసుపు పూస్తూ కూర్చోకుండా, మనమే వాళ్ల గడప తొక్కి చెప్పాలి.