దీవెన కుర్చీ

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు మీదున్న ఆ వృద్ధాశ్రమంలో తిండికి కొదవ లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పత్తి మండీ వాళ్ళు, బంగారు అంగళ్ళ వాళ్ళు, ఉరుకుంద ఈరన్నకు మొక్కు తీర్చుకుని తిరిగిపోయేవాళ్ళు, పిల్లల పుట్టినరోజనో పెద్దల సంవత్సరీకమనో ఏదో ఒకటి పెట్టుకుని వచ్చి వడ్డించి పోతుంటారు. వచ్చిన దాత మొదట ఒక పెద్దాయన నోట్లో తన చేత్తో తీపి పెట్టాలి. ఆయన దాత తలమీద అక్షింతలు వేసి దీవించాలి. ఆ తర్వాతే తక్కినవాళ్ళు విస్తట్లో చెయ్యి పెట్టాలి. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఇప్పుడది శాసనమై కూర్చుంది.

ఆ పెద్దాయన పేరు రంగప్ప. బతుకంతా గుంటమగ్గం మీద చీరలు నేసినవాడు, పెళ్ళాం పోయాక ఇక్కడ చేరాడు. ఒళ్ళు వడిలింది గానీ గొంతు వడలలేదు. "నీ కడుపు సల్లగుండ, నీ ఇల్లు నిండుగుండ" అని ఎత్తుకున్నాడంటే దాతలకు కళ్ళు చెమర్చేవి. ఆయన దీవిస్తే కలిసొస్తుందని ఆదోని దాకా పేరు పాకింది. మేనేజరు చంద్రకళ వరస మొదట్లో ఆయనకొక చేతుల కుర్చీ వేయించింది. నిజం చెప్పాలంటే రంగప్పకు ఆ కుర్చీ చాలా నచ్చింది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళు లేరు మరి.

పోయినేడు చక్కెర జబ్బు ముదిరి ఎడమకాలి చిటికెన వేలు తీసేశారు. ఇంకో పుండు పడితే పాదమే పోతుందని డాక్టరు చెప్పాడు. చంద్రకళ చెడ్డమనిషేం కాదు. ఆ రోజే వంటగదిలో గట్టిగా చెప్పేసింది. వంటావిడ మహాదేవి రంగప్ప కాఫీలో చక్కెర పలుకు వేస్తే ఒట్టు. పొద్దున రాగిసంగటి, రాత్రి జొన్నరొట్టె, పథ్యం తు.చ. తప్పకుండా నడిచింది. మధ్యాహ్నం దాతలు పెట్టే జిలేబీ, మైసూరుపాకు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. అది తిండి కాదు కదా, ధర్మం! పుణ్యానికి పెట్టింది ఒంటికి చేటు చేస్తుందనుకోవడానికి చంద్రకళకు మనసొప్పలేదు, మహాదేవికి తోచలేదు, రంగప్పకు కుర్చీ వదలబుద్ధి కాలేదు.

ఈమధ్య అదే కాలి మడమ మీద పుండు పడింది. రంగప్ప చెబితే కట్టు కట్టారు. నర్సమ్మ వారానికోసారి వస్తుంది. తక్కిన రోజుల్లో ఆ కట్టు సంగతి అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. దాతలు వచ్చే వేళకు మాత్రం కాళ్ళ మీద శాలువా కప్పేవారు. రంగప్పకు భయం పట్టుకుంది. పాదం పోతే తనను వెనక గదిలో, మంచం పట్టినవాళ్ళ వరసలో పడేస్తారు. ఆ గదిలోకి దాతలను తీసుకుపోరు. ఎందుకు తీసుకుపోరో ఆయనకు బాగా తెలుసు. ఇక తీపి ముట్టకూడదని లోలోపలే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆదోని నుంచి దేవేంద్రప్ప వచ్చాడు. జిన్నింగు మిల్లు ఆసామి. తల్లి సంవత్సరీకమని పళ్ళేల నిండా నేతి ఓళిగలు, అవే బొబ్బట్లు, తెచ్చాడు. వడ్డన అయ్యాక ఒక ఓళిగ తుంచి, పూర్ణం జారకుండా పట్టుకుని రంగప్ప నోటి దగ్గర పెట్టాడు.

రంగప్ప మూతి తిప్పుకున్నాడు. "నాకొద్దప్పా."

విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. పక్కనున్న లక్ష్మప్ప, "తినబ్బా, పప్పు సల్లారిపోతాండాది" అని గొణిగాడు. చంద్రకళ గబగబా వచ్చి వంగింది.

"రవ్వంత నాలిక్కి అద్దుకో తాతా. సారు నొచ్చుకుంటాడు."

దేవేంద్రప్ప చెయ్యి దించలేదు. "మాయమ్మ పేరుతో తెచ్చినా పెద్దప్పా, కాదనొద్దు. ఓళిగ ఓళిగ అని కలవరించి సచ్చిపోయినాది. అన్ని దినాలు నేనొక ముక్క గూడ పెట్టలే."

"ఎందుకు పెట్టకపోతివి?"

"షుగరుండె. కాల్లో పుండు."

రంగప్ప శాలువా పక్కకు లాగాడు. "అట్లయితే నన్ను గూడ మీయమ్మే అనుకో. పెట్టొద్దు."

దేవేంద్రప్ప ఆ కట్టు చూశాడు. ఓళిగ ముక్క పళ్ళెంలో పడేసి కింద గొంతుక్కూర్చున్నాడు. కట్టు విప్పకముందే ఆయనకు వాసన తెలిసింది. తల్లి పుండు రోజూ తన చేత్తో కడిగినవాడు.

"దీన్ని ఎప్పుడు మార్చినారమ్మా?"

"సిస్టరు గురువారం వస్తాది సార్."

"నేనడిగేది అది కాదు."

ఆయనే కట్టు విప్పితే మడమంతా నల్లబడి ఉంది. దేవేంద్రప్ప ఇంకేమీ అడగకుండా డ్రైవర్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి రంగప్పను ఎత్తుకొచ్చి కారులో కూర్చోబెట్టారు.

"యాడికప్పా?" అన్నాడు రంగప్ప.

"ఆదోనికి. మాయమ్మను సూసిన డాక్టరుండాడు ఆడ."

"మీయమ్మకు గూడ ఇట్లే ఉండెనా?"

"ఇంత లేకుండె."

"కాలు దక్కెనా?"

దేవేంద్రప్ప డ్రైవర్ వైపు తిరిగి, "బండి తియ్యి, బిరీన" అన్నాడు.

కారు వెనక్కి వచ్చి మలుపు తిరుగుతుంటే హాలు లోపల అంతా కనబడింది. దాత వెళ్ళిపోయినా వడ్డించిన విస్తళ్ళు వడ్డించినట్టే ఉన్నాయి. అందరి ఆకలీ అక్కడ ఆగి ఉంది. చంద్రకళ లక్ష్మప్పను లేపి చేతుల కుర్చీలో కూర్చోబెడుతోంది. పళ్ళెంలో పడేసిన ముక్క మళ్ళీ ఆమె చేతిలో ఉంది.

"ఆపప్పా బండి!" అని అరిచాడు రంగప్ప. దీవెనలకు తప్ప అంత గొంతు ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

"ఏమాయ పెద్దప్పా?"

"లక్ష్మప్పకు షుగరు నాకంటే ఎక్కువుండాది. పోయి వద్దని సెప్పు."

"ముందు నీ కాలు సూసుకుందాం. ఒక్కొక్క గడియ గూడ..."

"నేను సెప్తే ఎవురింటారప్పా ఈడ? పెట్టేవాడివి నువ్వు. నువ్వొద్దంటే పెట్టరు."

దేవేంద్రప్ప ఒకసారి ఆ కాలి వైపు, ఒకసారి హాలు వైపు చూశాడు. తలుపు తీసుకుని దిగి, చెప్పులు టపటపలాడించుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

రంగప్ప రెండు చేతులతో మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆ పోయిన మనిషి తిరిగొచ్చేలోపే తన కాలికి కాలం చెల్లుతుందేమో అనుకున్నాడు. అయినా ఆయన్ను వెనక్కి పిలవలేదు.